ట్యాంకు నిండిన నాడే వచ్చే పెట్రోలు వాసన

ప్రశ్న: మాది పదకొండేళ్ల నాటి పెట్రోలు కారు. కొన్ని నెలలుగా లోపల పెట్రోలు వాసన వస్తోంది. ట్యాంకు నిండా పోయించిన రోజున, ఆ మర్నాడు వెనక సీటు దగ్గర ఘాటుగా ఉంటుంది. ట్యాంకు సగానికి వచ్చేసరికి దానంతటదే పోతుంది. ఇది కాక, ఉదయం మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ముందువైపు ఏసీ గాలితో పాటు సన్నగా వాసన వచ్చి, అయిదు నిమిషాలకు ఆగిపోతుంది. మెకానిక్కుకు రెండుసార్లు చూపించాను. కింద ఒక్క చుక్క కూడా కారడం లేదని, పాత బండికి ఇది మామూలేనని చెప్పి, కారులో సెంటు సీసా ఒకటి తగిలించుకోమన్నారు. డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగడం లేదు. మైలేజీ తగ్గలేదు. వెనక కూర్చునే పిల్లలు తలనొప్పి అంటున్నారు. ఈ కారు నడపవచ్చా? లోపం ఎక్కడ ఉంటుంది? అన్నట్టు, నిరుడు పెట్రోలు పంపు పాడైతే కొత్తది వేయించాం. అది బాగానే పనిచేస్తోంది.

సమాధానం: మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ చేర్చిన వాక్యమే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికివచ్చింది. అయితే దాని దగ్గరికి వెళ్లే ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలి. లోపం ఎక్కడుందో రేపు వెతుక్కోవచ్చు గాని, బండి నడపవచ్చా లేదా అన్నది ఈ రోజే తేలాలి కదా.

కారు కింద తడి గాని, ఇంజను మీద తడి గాని, ఏదైనా గొట్టం కొసన వేలాడే చుక్క గాని కంటబడితే ఆ బండిని స్టార్టు చేయనే కూడదు. దానిని చేత్తో తోసి ఆరుబయటికి తెచ్చి, తలుపులన్నీ తెరిచిపెట్టి, మెకానిక్కునే దాని దగ్గరికి రప్పించుకోవాలి. తడి ఎక్కడా లేకుండా వాసన మాత్రమే ఉన్నప్పుడు, మరమ్మతు పూర్తయ్యేదాకా తప్పనిసరి ప్రయాణాలకు వాడుకోవచ్చు. అదైనా ట్యాంకు సగానికి మించి నింపకుండా, అద్దాలు దించుకుని, పిల్లలను ఎక్కించుకోకుండా. వారి తలనొప్పిని తేలికగా తీసుకోకండి. పెట్రోలు ఆవిరి పీల్చితే తలనొప్పి, వికారం రావడం సహజమే. అందులో ఉండే బెంజీన్ క్యాన్సరు కారకమని రుజువైన పదార్థం. బయటి గాలిలోకి వచ్చిన తరువాత కూడా తలనొప్పి తగ్గకపోతే వైద్యుడికి చూపించండి. కారును మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం పెట్టకండి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు గనుక పైకి లేచి చెదిరిపోకుండా నేల మీదే పాకుతుంది, పల్లంలో పేరుకుంటుంది, కొంత దూరంలో ఉన్న మంటను గాని స్విచ్చు నిప్పురవ్వను గాని చేరుకుని అక్కడి నుంచి వెనక్కి అంటుకుంటూ రాగలదు.

సెంటు సీసా సలహా గురించి ఒక్క మాట. పెట్రోలు సుమారు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోవడానికి సరిపడా ఆవిరిని వదులుతుంది. గాలిలో ఆ ఆవిరి 1.4 శాతం చేరితే చాలు, నిప్పు తగిలినప్పుడు మండుతుంది. మన ముక్కు అంతకన్నా ఎన్నో వేల రెట్లు తక్కువ మోతాదునే పసిగడుతుంది. ఏ పరికరమూ కొనకుండా మనకు దొరికిన హెచ్చరిక అది. దాని మీద మల్లెపూల సెంటు చల్లడం, మోగుతున్న గంటకు గుడ్డ చుట్టడం లాంటిదే. పైగా ముక్కుకు ఒక బలహీనత కూడా ఉంది. అదే వాసనలో పది నిమిషాలు కూర్చుంటే దానికి అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. అందుచేత రోజూ నడిపే మీరు ‘ఈవేళ తగ్గినట్టుంది’ అనుకోవడం కన్నా, అప్పుడే బయటి నుంచి వచ్చి తలుపు తీసినవారు ఏమంటారో వినడం మంచిది.

చుక్క కారడం లేదు గనుక లీకు లేదన్న మీ మెకానిక్కు మాట వినడానికి సబబుగానే ఉంటుంది గాని, పెట్రోలు విషయంలో అది చెల్లదు. డీజిలు కారితే జిడ్డుగా అక్కడే ఉండిపోతుంది, తుడిస్తే వేలికి అంటుతుంది. పెట్రోలు సన్నగా ఊరితే, ముఖ్యంగా వేడి ఇంజను దగ్గర, నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది. అది మిగిల్చేది ఒక మరక మాత్రమే: చుట్టూ దుమ్ము ఉండి ఆ ఒక్కచోట కడిగినట్టు శుభ్రంగా ఉండడమో, లేకపోతే పాత వార్నిషులాంటి గోధుమరంగు చార ఏర్పడడమో కనిపిస్తుంది. ఇక మీరు చెప్పిన తరహా లీకులో చాలాసార్లు ద్రవం బయటికే రాదు, ఆవిరి ఒక్కటే వస్తుంది. చుక్కల కోసం వెతికేవారికి అది దొరకదు. మైలేజీలో తేడా తెలియకపోవడానికి కూడా కారణం ఇదే. ముక్కు బద్దలయ్యేంత వాసనకు రోజుకు చెంచాడు పెట్రోలు కూడా అక్కరలేదు.

వాసన ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నవి గమనించి రాశారు గనుక సగం పని మీరే చేశారు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వెనకవైపు వచ్చి, సగానికి దిగగానే పోయే వాసనకు కారణం దాదాపు ఎప్పుడూ ట్యాంకు పైభాగంలోనే ఉంటుంది. అడుగున చిల్లు ఉంటే మట్టంతో నిమిత్తం లేకుండా ఎప్పుడూ కారేది. ముందువైపు ఇంజను దగ్గర లోపమైతే ట్యాంకులో ఎంత ఉందన్నది దానికి పట్టదు. కాబట్టి మీ ఫిర్యాదులు రెండింటినీ ఒకే రోగంగా చూడవద్దని నా మనవి. అవి రెండు వేరు వేరు లోపాలని నా అభిప్రాయం. మీ మెకానిక్కు రెండుసార్లూ తిరిగి పంపించడానికి కూడా వాటిని కలిపి వెతకడమే కారణమై ఉంటుంది.

ముందుగా వెనకది చూద్దాం. ఇంధనాన్ని ఇంజెక్టర్ల ద్వారా, అంటే ఇంజనులోకి పెట్రోలు చిమ్మే సన్నని ముక్కుల ద్వారా పంపే పెట్రోలు కార్లలో పంపు సాధారణంగా ట్యాంకులోనే మునిగి ఉంటుంది. చాలా కార్లలో దానిని పైకి తీసే మూత వెనక సీటు కిందనే ఉంటుంది. ఆ పంపు మొత్తాన్ని ట్యాంకు నోట్లో దించి, నడుమ ఒక రబ్బరు సీలు పెట్టి, పైన వలయంలాంటి పెద్ద నట్టు బిగిస్తారు. ఆ సీలు ఒకసారి పెట్రోలులో నాని ఉబ్బిన తరువాత, తీసి మళ్లీ పెడితే తన గాడిలో సరిగా కూర్చోదు. అందుకే పంపు బయటికి తీసిన ప్రతిసారీ కొత్త సీలు వేయాలన్నది నియమం. పంపు కొత్తది వేసి పాత సీలే సర్దిపెట్టడం, లేదా కొత్త సీలే వేసినా అది మడతపడి కూర్చున్న సంగతి చూసుకోకుండా నట్టు బిగించడం, ఈ రెండూ షెడ్లలో తరచుగా జరిగేవే. పంపు బాగానే పనిచేస్తోందని మీరు రాశారు; పనిచేస్తుంది, సీలు సంగతి పంపుకు తెలియదు.

దీనిని మీరే చూసుకోవచ్చు. ఈ ఒక్క పరీక్ష కోసం మాత్రం ట్యాంకు నింపి, ఆ మర్నాడు, ఇంజను పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు, కారును ఆరుబయట నిలిపి నాలుగు తలుపులూ తెరిచి, కాసేపు గాలి ఆడనివ్వండి. వెనక సీటు కూర్చునే భాగాన్ని పైకెత్తితే కింద తివాచీ, దాని కింద అరచేయి కన్నా కొంచెం పెద్దదైన ఒక రేకు మూతో ప్లాస్టిక్ మూతో కనిపిస్తుంది. టార్చిలైటును దూరంగా వెలిగించుకుని తరువాత దగ్గరికి తెచ్చుకోండి. మూత విప్పాక టార్చి స్విచ్చు నొక్కే పని పెట్టుకోకండి. మూత తీయగానే పంపు తల కనిపిస్తుంది: రెండు పైపుల కలయికలు, ఒక కరెంటు ప్లగ్గు, చుట్టూ ఆ వలయపు నట్టు. ఏళ్ల తరబడి చేరిన దుమ్ము అంతటా ఒకేలా పొడిగా, బూడిదరంగులో ఉంటే అక్కడ లోపం లేనట్టే. నట్టు అంచు వెంబడి నెలవంకలా ఒక్క వైపు మాత్రం దుమ్ము నల్లబడి, తడిసి ముద్దకట్టి ఉంటే, మీరు వెతుకుతున్నది అదే. పైపులు దిగే చోట ప్లాస్టిక్కులో వెంట్రుకవాసి పగులు ఉందేమో కూడా చూడండి. పైపును బలంగా లాగినప్పుడు ఆ మెడ దగ్గర చిట్లుతుంది. కరెంటు ప్లగ్గును మాత్రం ఊడబెరకకండి.

చూడడం వరకు మీ పని, విప్పడం షెడ్డు పని. ట్యాంకు పావు వంతుకు దిగిన తరువాత చేయించండి. వలయపు నట్టును విప్పడానికి ప్రత్యేకమైన పానా ఉంటుంది. దాని బదులు ఇనుప స్క్రూడ్రైవరు ఆనించి సుత్తితో కొట్టబోతే అక్కడే ఆపించండి. నిప్పురవ్వ సంగతి అలా ఉంచి, ఆ దెబ్బలకు ప్లాస్టిక్ నట్టు పగిలితే మళ్లీ మొదటికి వస్తుంది. సీలు మీ కారు నమూనాకు సరిపోయే కొత్తదే కావాలి. పైన పూసే బంకలూ, గాస్కెట్టు పేస్టులూ వద్దు. వాటిలో చాలావాటిని పెట్రోలు మెత్తబరచి ముక్కలుగా ట్యాంకులోకి దింపుతుంది, అవి వెళ్లి పంపు జల్లెడలో చిక్కుకుంటాయి. పంపు తల పగిలి ఉంటే దానికి అతుకు నిలవదు, ఆ భాగం మార్చాల్సిందే.

సీటు కింద అంతా పొడిగా ఉంటే అనుమానం పెట్రోలు పోసే మార్గం మీదికి వెళ్లాలి. పెట్రోలు పోసే చోట ఉండే మూత రబ్బరు వలయం పగిలిందేమో వేలితో తడిమి చూడండి. అక్కడి నుంచి ట్యాంకుకు దిగే పైపు వెనక చక్రం పైన, బురద తడిక చాటున ఉంటుంది గనుక ఎవరి కంటా పడదు. ఇనుప పైపు అయితే తుప్పు, రబ్బరు గొట్టమైతే దానిని బిగించే పట్టీ (క్లాంపు) దగ్గర నెర్రెలు, ఇవే దాని రోగాలు. మలుపుల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు వాసన హెచ్చుతోందంటే ఈ పైపునే ముందు అనుమానించాలి.

మూడోది బొగ్గు డబ్బా. ట్యాంకులో పుట్టే ఆవిరి బయటికి పోకుండా ఉత్తేజిత బొగ్గు నింపిన ఒక డబ్బాలోకి వెళ్లి అక్కడ పట్టుబడుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఒక వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని లోపలికి పీల్చి కాల్చేస్తుంది. బంకులో పైపు ‘టక్’ మని ఆగిన తరువాత కూడా, ఇంకాస్త పట్టకపోతుందా అని మీటను మళ్లీ మళ్లీ నొక్కించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా పోసిన పెట్రోలు ఆవిరి కోసం వదిలిన ఖాళీని నింపేసి, ద్రవంగానే డబ్బాలోకి చేరి బొగ్గును తడిపేస్తుంది. బాగా తడిసిన బొగ్గు మళ్లీ మామూలుగా పనిచేయడం అరుదు, డబ్బా మార్చవలసి వస్తుంది. ఆ వాల్వు తెరుచుకునే ఉండిపోతే మరొక ఆనవాలు కనిపిస్తుంది: పెట్రోలు పోయించిన వెంటనే బండి మొండికేసి, రెండు మూడుసార్లు తిప్పితే గాని స్టార్టు కాదు. మీరు అలాంటిదేమీ రాయలేదు కాబట్టి దీనిని చివరికి పెట్టాను.

దీపం వెలగకపోవడాన్ని నిర్దోషిత్వానికి రుజువుగా తీసుకోకండి. ఆవిరి మార్గంలో లీకును తనంతట తాను పరీక్షించుకునే ఏర్పాటు అన్ని కార్లలోనూ ఉండదు. ఆ ఏర్పాటు ఉన్న బండికి, కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాలను చదివే స్కానరు పెడితే పి 0442, పి 0455, పి 0456 వంటి కోడ్లు వస్తాయి. అవి చిన్న, పెద్ద, మరీ సన్నని లీకులకు గుర్తులు. వాటి వల్ల లీకు ఉందని తెలుస్తుంది గాని ఎక్కడుందో తెలియదు. స్థలం తేలాలంటే పొగ పరీక్ష చేయించాలి: ఆవిరి మార్గంలోకి చాలా తక్కువ ఒత్తిడితో పొగ పంపి, అది ఎక్కడి నుంచి దారంలా బయటికి వస్తుందో దీపం వేసి చూస్తారు. షెడ్డుకు వెళ్లే ముందే ఆ యంత్రం వారి దగ్గర ఉందా అని అడగండి. లేని చోట మూడోసారి చూపించినా మళ్లీ చుక్కల కోసమే వెతుకుతారు.

ఇక ఉదయపు వాసన. కారు లోపలికి వచ్చే బయటి గాలిని ముందు అద్దం అడుగున, బానెట్ వెనక అంచు దగ్గర పీల్చుకుంటారు. ఇంజను మీద ఏ మాత్రం పెట్రోలు ఊరినా దాని వాసన ముందుగా మీ ముఖానికే కొడుతుంది. పరీక్ష చాలా తేలిక: ఒక ఉదయం గాలి మీటను బయటి గాలికి, మర్నాడు లోపలి గాలే తిరిగేటట్టు పెట్టి స్టార్టు చేయండి. రెండో రోజు వాసన రాకపోతే లోపం బానెట్ కిందే ఉంది. స్టార్టు చేసిన కొత్తలో ఇంజనుకు పెట్రోలు ఎక్కువగా అందుతుంది గనుక పొగగొట్టం వెనక కాస్త వాసన ఉండడం మామూలే. ముందు ఏసీ గాలిలోంచి రావడం మాత్రం మామూలు కాదు.

నాకు ఒకప్పుడు ఇదే జరిగింది. చలికాలంలో రోజూ ఉదయం వాసన, ఇంటి నుంచి రెండు మలుపులు తిరిగేసరికి మాయం. షెడ్డుకు తీసుకువెళ్లేసరికి ఇంజను వేడెక్కి ఉండేది, వారికి ఏమీ కనిపించేది కాదు. నేను లేనిపోని అనుమానం పడుతున్నానని వారు, వారికి ముక్కు లేదని నేను. చివరికి ఒక రాత్రి బండిని అక్కడే వదిలి, తెల్లవారి చల్లగా ఉండగానే చూడమన్నాను. ఇంజను తిప్పకుండా తాళం ఒక్క మెట్టు తిప్పితే పంపు రెండు మూడు సెకన్లు నడిచి పైపుల్లో ఒత్తిడి నిలుపుతుంది. అలా రెండుసార్లు చేసి, నాలుగు ఇంజెక్టర్ల మొదట్లోనూ తెల్ల కాగితపు కొస ఆనిస్తే, మూడోదాని దగ్గర కాగితం మీద ఆవగింజంత తడి కనిపించింది. అక్కడి ఓ-రింగు, అంటే లీకు కాకుండా ఆపే చిన్న రబ్బరు వలయం, గట్టిపడి, చలికి ముడుచుకుని, వేడెక్కాక మళ్లీ ఉబ్బి మూసుకుంటోంది. పదకొండేళ్ల బండిలో ఇది వింత కాదు, మీది కూడా అదే కావచ్చు. అది కాకపోతే ఇంజను దగ్గరి రబ్బరు గొట్టం కొసలు చూడాలి, ముఖ్యంగా క్లాంపు కింద. అక్కడే రబ్బరు నెర్రెలిస్తుంది. ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటరు ఇంజను మీదే ఉన్న పాత నమూనా అయితే, దానికి తగిలించిన సన్నని వ్యాక్యూమ్ గొట్టం తీసి చూడండి. లోపల పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటరు పొర చిరిగినట్టు. ఆయిలు కొలిచే పుల్లను కూడా ఒకసారి వాసన చూడండి. పెట్రోలు వాసన కొట్టి, ఆయిలు మట్టం పెరిగి ఉంటే లోపల ఒక ఇంజెక్టరు కారుతోంది, అది మరమ్మతు చేయించి ఆయిలు కూడా మార్చాలి.

ఈ పైపుల్లో ఒత్తిడి సాధారణంగా 3 నుంచి 4 బార్లు ఉంటుంది, అంటే మీ టైర్లలోని గాలి కన్నా ఎక్కువ. ఇంజను ఆపినా అది చాలాసేపు నిలిచే ఉంటుంది. అందుచేత ఏ కలయికనైనా విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి, తరువాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కలయిక మీద గుడ్డ కప్పి మరీ విప్పుతారు. సిలిండర్లలోకే నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజన్లలో ఒక భాగాన ఒత్తిడి 200 బార్లు కూడా దాటుతుంది. మీది ఆ రకమైతే ఇంటి దగ్గర పానా పట్టవద్దు.

ఓ-రింగులు మారిస్తే నాలుగూ కలిపి మార్పించండి. ఒకటి గట్టిపడితే మిగతావీ అదే వయసువి. గొట్టం మార్చవలసి వస్తే పెట్రోలు ఇంజెక్షనుకు పనికివచ్చేదని దాని మీదే అచ్చువేసి ఉన్న రకం తీసుకోవాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలు రబ్బరును త్వరగా పాడుచేస్తుంది. నీళ్ల గొట్టమో, కంటికి నదరుగా ఉందని పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టమో వేస్తే నెలలు తిరగకుండానే గట్టిపడి పగులుతుంది. చీలికలున్న మామూలు క్లాంపు మెత్తని గొట్టాన్ని కోసేస్తుంది. అంచులు మడిచి ఉండే రకం అడగండి. పెట్రోలు గొట్టం మీద టేపు చుట్టి ఇచ్చే షెడ్డుకు మళ్లీ వెళ్లకండి.

రెండు పనులూ ఒకే రోజున చేయించకుండా ముందు వెనకది చేయించమని నా సలహా. అది అయ్యాక రెండు రోజులు తలుపులు తెరిచి ఎండలో ఉంచితే తివాచీలో ఇంకిన పాత వాసన పోతుంది. లేకపోతే కొత్త సీలును తప్పుపట్టవలసి వస్తుంది. తరువాత బంకులో మొదటి ‘టక్’ వరకే నింపించి, రాత్రంతా అద్దాలు మూసి ఉంచి, తెల్లవారి కారు ఎక్కని మనిషి చేత వెనక తలుపు తీయించండి. వాసన లేకపోతే పిల్లలను మళ్లీ వెనక కూర్చోబెట్టవచ్చు, ఆ ఉదయమే బండిని రాత్రికి షెడ్డులో వదిలే ఏర్పాటు చూసుకుని ముందువైపు పని మొదలుపెట్టవచ్చు. వాసన అలాగే ఉంటే పొగ పరీక్ష చేయించి, బొగ్గు డబ్బాను, చక్రం పైన ఉన్న ఆ పైపును ప్రత్యేకించి చూడమని చెప్పండి.